ఆకు పదును

సావనీరుకి ఏదైనా సైన్సు వ్యాసం యివ్వమని మన సంఘం కార్యదర్శి క్యాంటీన్లో పట్టుకున్నాడు. "ఆకు ఆరబెట్టడం గురించి రాస్తాను" అన్నాను. బల్ల చుట్టూ వున్న నలుగురూ టీ గ్లాసులు కింద పెట్టి నా వంక చూశారు. "ఏ ఆకు గురూ?" అన్నాడొకడు కన్ను గీటి.

ఆ ఆకు కాదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి అంటే ఆ మొక్క పూత కొసలు. వాటిని పెంచినా జైలే, గదిలో దాచుకున్నా జైలే. కనుక ఆ వ్యాసం రాసేవాడు వేరే చోట కూర్చుని రాయవలసి వస్తుంది. కానీ ఏమాటకామాటే చెప్పుకోవాలి. గంజాయి పూత అయినా, టీ ఆకయినా, గుంటూరు మిరపయినా, దుగ్గిరాల పసుపయినా ఆరబెట్టేవాడికి తగువు ఒక్కదానితోనే. నీరు. దాన్ని తీసెయ్యాలి, అంతా తీసెయ్యకూడదు. తీసే వేగం మన అదుపులో వుండాలి. తీసిన తరువాత మళ్లీ చొరబడకుండా కాపలా కాయాలి. నాకు తెలిసిన ఆకు పొగాకు. మాది ప్రకాశం జిల్లాలో, ఒంగోలుకి పడమరగా వున్న పల్లె. మా యింటి వెనక బ్యారన్ వుంది. దాని గురించే రాస్తాను. దాని గురించి రాయాలంటే ఒక రాత్రి సంగతి కూడా రాయాలి. పదేళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి అది.

నేను హైదరాబాదు వచ్చింది 2017లో. అశోక్‌నగర్ సందుల్లో ముగ్గురం కలిసి ఒక గది తీసుకున్నాం. మొదటి వారమే ఒక సాయంత్రం చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం నుంచి ఆర్టీసీ క్రాస్‌రోడ్సు వైపు నడుస్తుంటే గాలి తిరిగింది. తేనె కాచినట్టు, ఎండుగడ్డి తడిసినట్టు ఒక వాసన. నా కాళ్లు ఆగిపోయాయి. సినిమాహాలు ముందు అంత జనంలో, అంత పెట్రోలు పొగలో, మా మండె కొట్టం వాసన ఎక్కడి నుంచి వచ్చింది? టీకొట్టు ఆయన్ని అడిగితే "వీఎస్టీ గదా" అన్నాడు, అదొక విశేషమా అన్నట్టు. 1930లో వజీర్ సుల్తాన్ పేరిట మొదలైన కంపెనీ. చార్మినార్ సిగరెట్టు వాళ్లదే. అజామాబాదులో ఆ ఫ్యాక్టరీ వుండబట్టి ఈ పేటలో బస్‌స్టాపుకి ఆ పేరు, కూడలికి ఆ పేరు. 2023లో ఇందిరా పార్కు నుంచి అక్కడిదాకా వేసిన ఉక్కు వంతెనని కూడా జనం వీఎస్టీ ఫ్లయోవర్ అనే అంటున్నారు. మా పక్క రైతు పండించిన ఆకు ఎక్కడికెళుతుందో చిన్నప్పుడు నాకు తెలిసేది కాదు. లారీ ఎక్కితే అది కథ ముగిసినట్టే. ఆ లారీల్లో కొన్నయినా యిటు వచ్చి వుంటాయనుకుంటే ఆ సాయంత్రం పరాయి వూళ్లో చుట్టం కనిపించినట్టు అయింది. చుట్టం మంచివాడు కాదనుకోండి. ఆ సంగతి తరువాత.

వర్జీనియా పొగాకు మన గుంటూరు ప్రాంతంలో 1920ల నాడు పాదుకుంది. రాజమండ్రిలో పొగాకు పరిశోధనా కేంద్రం 1947లో పెట్టారు. గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు 1976లో వచ్చింది. ఆంధ్రలో బోర్డు వేలం పాటలు 1985 నుంచి. ఇవి పుస్తకాల్లో దొరికేవే. పుస్తకంలో దొరకనిది బ్యారన్ లోపలి రాత్రి.

బ్యారన్ అంటే కిటికీలు లేని ఎత్తయిన గది. బయట పొయ్యి. పొయ్యి నుంచి లోపలికి నేల మీదుగా పెద్ద పెద్ద రేకు గొట్టాలు తిరిగి, మళ్లీ బయటికి వచ్చి చిమ్నీలో కలుస్తాయి. పొగ గొట్టంలోనే పోతుంది, ఆకుకి తగిలేది వేడి మాత్రమే. గది లోపల కింది నుంచి పైకప్పు దాకా వాసాల అంతస్తులు. ఆకుని ఆడవాళ్లు పురికొసతో కర్రలకి అల్లుతారు. ఒక్కో కర్రకి వంద దాకా ఆకులు. మా బ్యారన్‌కి ఎనిమిది వందల కర్రలు పట్టేవి. ఆ కర్రల్ని కోతిపిల్లల్లా వాసాలెక్కి మగపిల్లలు అందుకుంటారు. మా అమ్మ అల్లేది. మంచు తడి మీద కోసిన ఆకు అల్లిన రోజున మధ్యాహ్నానికి వాంతులు, కళ్లు తిరగడం. ఆకులోని నికొటిన్ తడితో పాటు చర్మంలోంచి లోపలికి పోతుందని, దానికొక జబ్బు పేరు కూడా వుందని నేను డిగ్రీలో చదివాను. మా అమ్మ "ఆకు పట్టింది" అని మజ్జిగ తాగి మళ్లీ కూర్చునేది. చేతులకి పట్టిన నల్ల బంక చింతపండు పెట్టి రుద్దినా పోయేది కాదు. అన్నం ముద్ద కూడా చేదు తగిలేది.

కోసిన పచ్చి ఆకులో నూటికి ఎనభై అయిదు పాళ్లు నీరే. ఆరేడు కిలోల పచ్చి ఆకు లోపలికి పోతే ఒక కిలో బయటికి వస్తుంది. అయిదారు రోజులు పడుతుంది. అంటే బ్యారన్ చేసే పని అంతా ఆ నీటిని సాగనంపడమే. అయితే దేనికి ఎప్పుడు వేడి యివ్వాలి, ఎప్పుడు గాలి వదలాలి అన్నదే విద్య. మొదటి రోజున్నర ఆకు పండాలి. పండటం అంటే చావటం కాదు, బతికుండి పచ్చదనం వదులుకోవడం. తొంభై అయిదు, నూరు డిగ్రీల దగ్గర (బ్యారన్‌లో డిగ్రీ అంటే ఫారన్‌హీటే, సెంటీగ్రేడు అంటే నవ్వుతారు) వెంటిలేటర్లు మూసి గాలిలో తేమ నిలబెడతారు. ఆకులోని గంజి చక్కెరగా మారుతుంది, పత్రహరితం విరిగిపోతుంది, పసుపు తేలుతుంది. ఇక్కడ తొందరపడి ఎండబెడితే ఆకు పచ్చగానే చచ్చిపోతుంది. ఆ పచ్చ ఇక పోదు.

రెండోది రంగు నిలపడం. అసలు గండం ఇదే. పసుపు తేలిన ఆకుని ఆ పసుపు దగ్గరే ఆపాలి. ఆపకపోతే మాగిన అరటిపండు తొక్కలాగా గోధుమ రంగుకి, నలుపుకి పోతుంది. ఆపాలంటే నీరు వేగంగా పోవాలి. కనుక వేడి కొంచెం కొంచెంగా పెంచుతూ కింది కిటికీలు, పై వెంటిలేటర్లు తెరవాలి. నూట అయిదు, నూట పది, నూట ఇరవై. గంటకి రెండు మూడు డిగ్రీలు, అంతకు మించకుండా. ఆ తరువాత ఆకు ఎండటం, చివర ఈనె ఎండటం. అప్పుడు నూట అరవై దాకా పోయినా భయం లేదు, వెంటిలేటర్లు మూసుకోవచ్చు. ఈనె విరిస్తే టప్పున విరగాలి. ఒక్క ఈనెలో తడి మిగిలినా మండెలో అది చుట్టుపక్కల ఆకునంతా బూజు పట్టిస్తుంది.

మా బ్యారన్‌కి మంట పెట్టే ఆయన్ని వూరంతా బ్యారన్ తాత అనేవాళ్లం. నాయన కూడా "మావా" అని పిలిచేవాడు. ఆయన థర్మామీటరు చూసేవాడు కాదు. చిన్న అద్దం బిళ్లలోంచి టార్చి వేసి అది చదివేది మేము. ఆయన తలుపు సందు తీసి ముఖం పెట్టేవాడు. లోపలి గాలి ముక్కుకి, కనురెప్పలకి ఎలా తగిలిందో దాన్ని బట్టి "యింకో గంట" అనేవాడు, లేదా "పైది జానెడు తియ్" అనేవాడు. అంతే.

2015 ఫిబ్రవరి. నా పదో తరగతి పరీక్షలు నెలలో వున్నాయి. ఆ ఏడు ధర పడిపోతుందన్న వార్త అప్పటికే వూళ్లో తిరుగుతోంది. నాయన రోజూ పేపరు చదివి మడిచి దిండు కింద పెట్టేవాడు, ఎవరూ చూడకూడదన్నట్టు. మూడో కాపు ఆకు బ్యారన్‌లో వుంది. మొక్క నడిమి ఆకు అది, చేలో అన్నిటికన్నా మంచి ఆకు. బ్యారన్ తాత వరసగా రెండు రాత్రులు నిద్రలేకుండా వున్నాడు. మూడో రాత్రి పన్నెండింటికి నేనే అన్నాను, "నువ్వు కాసేపు నడుం వాల్చు తాతా, నేను చదువుకుంటూ చూస్తాలే" అని.

ఆయన నులకమంచం లాక్కుంటూ చెప్పాడు: "అరగంటకి రెండు కట్టెలు అబ్బయ్యా. ఎక్కువ తొయ్యమాక. కిటికీలు మాత్రం ముట్టుకోమాక. తాళ్లు నేను కట్టినట్టే వుండాల."

పై వెంటిలేటర్లకి తాళ్లు కట్టి గోడ పక్కన మేకుకి చుట్టేవాళ్లం. తాడు లాగితే మూత లేస్తుంది, వదిలితే పడుతుంది. ఆ రాత్రి మంచు దిగుతోంది. తెరిచిన మూతల్లోంచి ఆవిరి తెల్లగా పైకి పోతోంది. నేను పదిహేనేళ్ల తెలివితో ఆలోచించాను. వేడంతా పైనుంచి పోతుంటే కింద కట్టెలు తగలేస్తున్నామే అని. కిలో ఆకు ఎండాలంటే నాలుగైదు కిలోల కట్టె కాలుతుంది. కట్టెల బాకీ నాయన అరుగు మీద బొగ్గుతో రాసుకునేవాడు. మూతలు దించేస్తే కట్టె మిగులుతుంది, నాకు లేచే పని తగ్గుతుంది. సాంఘికశాస్త్రంలో యింకా మూడు పాఠాలు వున్నాయి. తాళ్లు వదిలేశాను. పొయ్యిలోకి ఒకేసారి ఏడెనిమిది సరుగుడు దుంగలు తోశాను. లాంతరు దగ్గరికి వచ్చి కూర్చున్నాను. రెండు పేజీలు చదివివుంటాను.

మెలకువ వచ్చేసరికి చుక్క పొడిచింది. టార్చి వేస్తే థర్మామీటరు నూట ముప్ఫై దాటివుంది. అద్దం బిళ్ల లోపలంతా చెమట పట్టింది. పరుగెత్తి తాళ్లు లాగి మూతలు లేపాను. మళ్లీ మేకుకి చుట్టాను. ఒక్కసారి గుప్పుమని ఆవిరి పోయింది. ఆ వాసన ఇప్పటికీ చెప్పగలను. బ్యారన్‌లో ఆ దశలో రావలసింది తీపి వాసన. వచ్చింది తోటకూర ఉడికిన వాసన.

తెల్లవారి నాయన తలుపు తీశాడు. కింది అంతస్తుల ఆకు తడి గోనెసంచి రంగులో వేలాడుతోంది. అంచులకి మాత్రం పసుపు మిగిలింది. నాయన ఒక ఆకు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. "రాత్రి ఏం జరిగింది మావా?" అన్నాడు.

బ్యారన్ తాత నా వంక చూశాడు. నేను పుస్తకంలోకి చూశాను.

"కునుకు పట్టింది అల్లుడూ" అన్నాడాయన.

అంతే జరిగింది. ఆ సాయంత్రమే ఆయన తన దుప్పటి, టార్చి తీసుకుని వెళ్లిపోయాడు. మిగతా కాపులకి నాయనే మంట పెట్టాడు. వూళ్లో యింకో బ్యారన్ వాళ్లు కూడా ఆయన్ని పిలవలేదు. వయసు మీద పడింది, నిద్ర ఆపుకోలేకపోతున్నాడన్న మాట వచ్చింది. అది ఎలా వచ్చిందో నాకు తెలుసు. ఆ ఆకు మూడు వందల కిలోల పైచిలుకు. వేలం కేంద్రంలో రెండుసార్లు నో బిడ్ అయింది. అంటే బేళ్ల వరస పక్కన కొనుగోలుదారులు నడిచిపోతారు, ఎవరూ ఆగరు. సాయంత్రం వాటిని మళ్లీ ట్రాక్టరెక్కించి తెచ్చుకోవాలి, మళ్లీ పదును చూసుకోవాలి, మళ్లీ కిరాయి. మూడోసారికి కిలో అరవై కూడా పలకలేదు. ఆ ఏడు ప్రకాశం జిల్లాలో పొగాకు రైతులు కొందరు ఆత్మహత్య చేసుకున్నారు. పేపర్లు చదివినవాళ్లకి గుర్తుండే వుంటుంది. నాయన ఒక రాత్రి భోజనానికి రాకపోతే అమ్మ నన్ను బ్యారన్ దగ్గరికి పరుగెత్తించింది. నాయన ఖాళీ బ్యారన్‌లో గొట్టాల మీద కూర్చుని వున్నాడు. "ఏం లేదురా, చల్లగా వుందని" అన్నాడు. మార్చి నెలలో రేకు గొట్టం మీద చల్లదనం ఏమిటో నేను అడగలేదు. నాకు పదో తరగతిలో మంచి మార్కులు వచ్చాయి.

చాలా ఏళ్లు నేను మంట ఎక్కువ కావడమే తప్పనుకున్నాను. మంట ఎక్కువైతే ఆకు మాడుతుంది కదా, సహజమే. డిగ్రీ రెండో ఏడు లేబొరేటరీలో తడి-పొడి బల్బుల హైగ్రోమీటర్ ప్రయోగం వచ్చింది. రెండు థర్మామీటర్లు పక్కపక్కన. ఒకదాని బల్బుకి తడి గుడ్డ. గుడ్డలో నీరు ఆవిరవుతుంటే ఆ బల్బు చల్లబడుతుంది. గాలి పొడిగా వుంటే రెంటికీ తేడా ఎక్కువ, గాలి తేమగా వుంటే తేడా తక్కువ. పట్టిక చూసి శాతం రాసుకుని రికార్డులో సంతకం పెట్టించుకోవడం. నూరు మందిలో తొంభై తొమ్మిది మందికి అంతటితో సరి. నేను ఆ తడిగుడ్డ వంక చూస్తూ వుండిపోయాను. నీరు వదులుతున్న ఆకు కూడా తడిగుడ్డ చుట్టిన బల్బే. గదిలో వేడి నూట ఇరవై అయినా, ఆవిరి బయటికి పోయే దారి వుంటే ఆకుకి తెలిసే వేడి నూట మూడే. దారి మూసేస్తే ఆ తేడా పోతుంది, గది వేడంతా ఆకుకి తగులుతుంది. నూట పదమూడు డిగ్రీలు దాటితే ఆకులోని కణాలు చస్తాయి, ఉడికిపోతాయి. ఆ రాత్రి ఆకుని చంపింది దుంగలు ఒక్కటే కాదు. నేను దించిన మూతలు. "కిటికీలు ముట్టుకోమాక" అన్న మాటలో ఈ ప్రయోగమంతా వుంది. ఆయన బడికి పోలేదు.

రికార్డులో ఆ ప్రయోగానికి పదికి తొమ్మిది వచ్చాయి. గదికి వచ్చి ఫోను చేసి నాయనకి చెబుదామనుకున్నాను. చెప్పలేదు. తరువాత పోటీ పరీక్షలంటూ రెండేళ్లు అశోక్‌నగర్లోనే పోయాయి. అప్పుడూ చెప్పలేదు. పరీక్ష పాసయ్యాక చెబుతాను అని ఒక వంక పెట్టుకున్నాను. పరీక్ష పాసు కాలేదు. ఎమ్మెస్సీలో చేరాను.

మొన్న 2025 ఆగస్టులో నాయన కంటి ఆపరేషన్‌కి వచ్చాడు. పదిరోజులు నా గదిలోనే వున్నాడు. కుడి కన్నుకి ఆకుపచ్చ గుడ్డ, ఎడమ కన్నుకి ఇంకా శుక్లం. బయట ముసురు. లోయర్ ట్యాంక్‌బండ్ పక్క గదుల సంగతి తెలిసినవాళ్లకి చెప్పనక్కరలేదు. చెరువు కట్టకి దిగువన వున్నాం, వానాకాలంలో గోడ మీద చెయ్యి పెడితే చెయ్యి తడుస్తుంది. ఉప్పు డబ్బాలో ఉప్పు కరుగుతుంది, అగ్గిపుల్ల గీస్తే మెత్తగా రాలుతుంది. నాయన చేతిసంచిలోంచి పాత పంచె ముక్కలో చుట్టిన కట్ట తీశాడు. లంకాకు. గోదావరి లంకల్లో పండే చుట్టాకు. చుట్టల వాళ్లకి దాని మీద వుండే మోజు వేరు. రాజమండ్రి వైపు పోయినవాళ్ల చేత తెప్పించుకున్నాడట.

కన్నుకి కట్టు వుండగా చుట్ట తాగొద్దని డాక్టరు చెప్పారు. నేనూ చెప్పాను. ఆ పొగాకు ఎందర్ని చంపుతోందో మా నాయనకి తెలియక కాదు. మన కాలేజీ మిత్రులు కూడా నన్ను అప్పుడప్పుడు నిలదీస్తారు, విషం పండించి చదువుకున్నావా అని. అవును, ఆ డబ్బుతోనే చదువుకున్నాను. ఫీజు కట్టిన రశీదుల మీద ఏ పంట అని రాసి వుండదు కానీ నాకు తెలుసు. నేను సిగరెట్టు ముట్టను. దాంతో లెక్క సరిపోతుందని అనుకోవడం లేదు. ఎర్రనేలలో, నీరు లేనిచోట, వేరే ఏ పంటకి బ్యాంకు అప్పిస్తుందని నాయన అడిగితే నా దగ్గర సమాధానం లేదు. అదలా వుంచండి.

నాయన ఆ కట్ట విప్పమన్నాడు. కళ్లు కనిపించవు కనుక ఒక్కొక్క ఆకు తీసి ఆయన చేతికిచ్చాను. గుప్పిట్లోకి తీసుకుని మెల్లగా నొక్కి వదిలేవాడు. ఆకు నెమ్మదిగా విచ్చుకుంటే పదును సరిగ్గా వున్నట్టు. గలగలమని పొడి రాలితే ఎండిపోయినట్టు. విచ్చుకోకుండా ముద్దలా వుండిపోతే తడి పట్టినట్టు. తరువాత ఈనె విరిచేవాడు. ఆకు మెత్తగా, ఈనె పెళుసుగా వుండాలి, రెండూ ఒక్కసారి. బ్యారన్ దింపేటప్పుడూ అంతే. ఆరిన ఆకు అప్పడంలా వుంటుంది, ముట్టుకుంటే ముక్కలే. అందుకని రాత్రంతా తలుపులు తీసిపెట్టి మంచు గాలి తగలనిచ్చి, పదునెక్కాక తెల్లారుజామున కర్రలు దించుతారు. ఎండ ఎక్కేలోగా మండె వేసి గోనెపట్టాలు కప్పుతారు. అక్కడ మంచు మాకు మిత్రుడు. నా గదిలో ముసురు శత్రువు.

"అబ్బాయ్, ఇది యిక్కడ వారం వుంటే బూజే" అన్నాడు నాయన. నాలుగు ఆకులు అప్పటికే ముద్దయ్యాయి. ఆ చీకట్లో, వాన చప్పుడులో, ఆయన చెయ్యి ఆకు మీద వుండగా నేను చెప్పేశాను. మూతలు దించింది నేనని. దుంగలు తోసింది నేనని. తాతది తప్పు కాదని.

నాయన చేతిలో ఆకు విరవలేదు, కింద పెట్టలేదు.

"తెలుసురా" అన్నాడు కాసేపటికి. "తెల్లారి మేకు చూశా. ఆ ముడి మావ వేసే ముడి కాదు. నువ్వు గేదెకి వేసే ముడి."

మరి ఎందుకు పంపించేశావని అడిగాను. నా గొంతు నాకే కోపంగా వినిపించింది. నేను దోషిని, అడిగే హక్కు నాకెక్కడిది!

"ఆ ఏడు ఆయనకి జీతం యాడ్నుంచి తెచ్చేది? యింకా రెండు నెలలు వుంది. లేదని మొహాన చెప్పలేకపోయా. వంక దొరికింది. వూళ్లో ఆ మాట పుడుతుందనుకోలేదు. పుట్టాక ఆపలా." ఒక్క నిమిషం ఆగి అన్నాడు, "ఆయనకీ తెలుసు, నేను ఎరుగుదునని."

ఇద్దరం ఇక మాట్లాడుకోలేదు. పక్కగదిలో ఎవరో కరెంటు అఫైర్సు పైకి చదువుతున్నారు.

ఊరికి పోయేరోజు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో నాయన ఆ కట్టలో సగం తీసి నాకిచ్చాడు. బ్యారన్ తాతకి లంకాకంటే యిష్టమట. "నువ్వు తీసుకుపోయి యివ్వు నాయనా, నేను సంక్రాంతికి గానీ రాను" అన్నాను. "సంక్రాంతికే యియ్యి. నువ్వే యియ్యి" అన్నాడు. బస్సు ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాక, "అప్పటిదాకా పదును పోనీమాక" అన్నాడు.

అలా నా చేతికి ఒక ప్రయోగం వచ్చింది. ఆగస్టు ముసురు నుంచి జనవరి చలి దాకా అయిదు నెలలు. మొదట గదిలో వెల్తురు తగిలే చోట, ఫ్యాను కింద, పేపరు మీద ఒక రోజు ఆరబెట్టి ముద్దయిన నాలుగూ తీసేశాను. మిగతావి మూత బిగువుగా పట్టే బిస్కట్ల డబ్బాలో పెట్టాను. కోఠీలో రెండొందలకి చిన్న తేమ మీటరు కొన్నాను. డబ్బా మూసి మర్నాడు చూస్తే డెబ్భై రెండు. డెబ్భై దగ్గర బూజుకి పండగ. అరవై లోపు వుంటే నిశ్చింత, యాభైకి దిగితే పొడి. గాలి చొరబడని డబ్బాలో వుప్పుని నీళ్లలో ముద్దగా కలిపి పెడితే లోపలి తేమ డెబ్భై అయిదు దగ్గర నిలబడుతుందని మనం చదువుకున్నదే. అది ఎక్కువ. సోడియం బ్రోమైడు ముద్ద అయితే యాభై ఎనిమిది దగ్గర నిలబెడుతుంది. తేమ ఎక్కువైతే లాగుతుంది, తక్కువైతే యిస్తుంది. మన కెమిస్ట్రీ మిత్రుడొకరు చెంచాడు యిచ్చాడు (పేరు రాయొద్దన్నాడు, స్టోర్సువాళ్ల లెక్క సరిపోవాలట). దాన్ని చిన్న సీసాలో తడి చేసి, మూతికి పలచటి గుడ్డ కట్టి, ఆకుకి తగలకుండా ఒక మూల నిలబెట్టాను. మూడు రోజులకి మీటరు అరవై చూపించింది, వారానికి యాభై తొమ్మిది.

అయినా మీటరుని పూర్తిగా నమ్మలేదు. ప్రతి ఆదివారం వుదయం మూత తీసి డబ్బాకి కాస్త గాలి చూపించి, ఒక ఆకు గుప్పిట్లో నొక్కి వదులుతాను. నెమ్మదిగా విచ్చుకుంటుంది. మొదట్లో ముక్కు పోయేలా ఘాటు వుండేది. ఇప్పుడది తగ్గి కిస్‌మిస్ పండు వాసన లాంటిది వస్తోంది. నా గదివాళ్లు మొదట గొణిగారు. ఇప్పుడు ఆదివారం వస్తే వాళ్లే "తాత డబ్బా తియ్యవా" అంటున్నారు. డిసెంబరు వచ్చాక బయటి గాలి పొడిబారింది. మధ్యాహ్నం పెదవులు పగులుతున్నాయి. సీసాలో ముద్ద కొంచెం గట్టిపడింది. నిన్న నాలుగు చుక్కల నీళ్లు కలిపాను.

తాతకి ఎనభై దగ్గరపడింది. ఫోను చేస్తే వినపడదట. వూళ్లోకి పోయి ఆయన ఎదురుగా కూర్చునే చెప్పాలి. ఆయన ముందు ఆకుని గుప్పిట్లో నొక్కి చూస్తాడు, అది నాకు తెలుసు. భోగి ముందు రోజు రాత్రి బస్సుకి టిక్కెట్టు తీసుకున్నాను.